‘ఎట్ల తెలుసు?’: అవగాహన ప్రశ్నల జవాబులపై ఒక తొమ్మిదో తరగతి డైరీ

జూన్ 30

నేను ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతికి తెలుగు చెబుతాను. మా బడి హైదరాబాదులోని అఫ్జల్‌గంజ్‌కు నడిచి వెళ్ళేంత దూరంలో ఉంటుంది. తరగతిలో 34 మంది ఉన్నారు. వారిలో సగానికి పైగా పాలమూరు, నల్లగొండ వైపు నుంచి పని కోసం నగరానికి వచ్చిన కుటుంబాల పిల్లలు. ఏడుగురు ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు. వచ్చే ఏడాది వీరు రాయబోయే పదో తరగతి తెలుగు ప్రశ్నపత్రంలో ‘అవగాహన–ప్రతిస్పందన’ అనే భాగం ఉంది. అందులో ముందుగా చూడని గద్యాన్ని ఇచ్చి, చదివి జవాబులు రాయమంటారు. గైడు చదివి గట్టెక్కే వీలు అక్కడ తక్కువ కాబట్టి, పిల్లలు నిజంగా ఎంత చదవగలుగుతున్నారో అక్కడే బయటపడుతుంది.

ఇటువంటి గద్యంపై ప్రశ్నలకు పిల్లలు జవాబులు రాయగా నిన్న ఇంటికి తెచ్చుకున్న 34 కాగితాలనూ మూడు కుప్పలుగా వేసి చూశాను. అన్నింటికన్నా పెద్ద కుప్ప, గద్యంలోని వాక్యాన్ని ఉన్నదున్నట్టు దించిన జవాబులది. ప్రశ్నలో ఉన్న ఏదో ఒక పదాన్ని గద్యంలో వెతికి, అది కనబడిన వాక్యాన్ని మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా ఎత్తి రాశారు. అందుకే ఆ జవాబులు ‘అందువల్ల’ అనో, ‘అప్పుడు ఆయన’ అనో, ‘ఆ తర్వాత అక్కడ’ అనో మొదలవుతాయి. ఆయన ఎవరో, అక్కడ అంటే ఎక్కడో, దేనివల్లనో ఆ జవాబు చదివినవారికి తెలియదు. రెండో కుప్పలోని పిల్లలు గద్యాన్ని పక్కన పెట్టి, ఆ విషయం గురించి తమకు తెలిసినదంతా రాశారు. మూడో కుప్పలో ‘ఎందుకంటే వాన పడింది’ వంటి తెగిన ముక్కలు ఉన్నాయి.

వీరికి చదవడం రాదా, రాయడం రాదా అన్న సందేహం తీర్చుకోవడానికి ఈ రోజు మధ్యాహ్నం మొదటి కుప్పలోని ఐదుగురిని విడివిడిగా పిలిచి, అవే ప్రశ్నలు నోటితో అడిగాను. నలుగురు చక్కగా చెప్పారు. ‘ఇప్పుడు నాకు చెప్పినట్టే ఎందుకు రాయలేదమ్మా?’ అని అడిగితే ఒక అమ్మాయి, ‘గద్యంల ఉన్నట్టే రాయాలె గద టీచర్, లేకుంటే మార్కులు పోతయి’ అన్నది. ఆమె పాత పరీక్ష కాగితాలు తీసి చూశాను. దించిన వాక్యాలకు పూర్తి మార్కులు వేసింది నేనే. ఈ పనిని దిద్దుకోవడం నా ఎర్ర పెన్నుతోనే మొదలు కావాలని నాకు అర్థమైంది.

జూలై 4

దసరా సెలవుల వరకు వారానికి రెండుసార్లు చివరి పీరియడును దీనికే కేటాయించడానికి ప్రధానోపాధ్యాయులు ఒప్పుకున్నారు. గద్యం నేనే రాసుకున్నాను. పిల్లలు రోజూ దాటే నది గురించి, వారికి తెలియని సంగతులతో ఉండాలన్నది నా కోరిక. ఇదీ ఆ గద్యం:

‘1908 సెప్టెంబరు 28న మూసీ నదికి పెద్ద వరద వచ్చింది. నగరానికి ఎగువన ఉన్న చెరువులు ఒకదాని వెంట ఒకటి తెగడంతో నీటిమట్టం వేగంగా పెరిగింది. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కిన సుమారు 150 మంది ప్రాణాలతో బయటపడ్డారు. ఇటువంటి విపత్తు మళ్ళీ రాకుండా చూడడానికి నిజాం ప్రభుత్వం ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి, నదిని పరిశీలింపజేసి, సలహా కోరగా, వరద నీటిని నగరానికి చేరకముందే ఎగువన నిలిపి, మెల్లగా కిందికి వదలాలని ఆయన సూచించారు. ఆ సూచన ప్రకారం మూసీపై ఉస్మాన్ సాగర్, దాని ఉపనది ఈసీపై హిమాయత్ సాగర్ నిర్మాణమయ్యాయి. మొదటిది 1920లో, రెండవది 1927లో పూర్తయ్యాయి.’

నాలుగో వాక్యాన్ని కావాలనే పొడవుగా ఉంచాను. పరీక్షలో వచ్చే గద్యాలలో ఇటువంటి వాక్యాలు ఉంటాయి, పిల్లలు అక్కడే తప్పిపోతారు.

జూలై 9

నాలుగు ప్రశ్నలు ఇచ్చాను. చింతచెట్టు ఎక్కి ఎంతమంది బయటపడ్డారు? నీటిమట్టం వేగంగా ఎందుకు పెరిగింది? రెండు జలాశయాలనూ నగరానికి ఎగువనే ఎందుకు నిర్మించారు? ‘వరద వచ్చిన మరుసటి ఏడాదికే నగరానికి రక్షణ ఏర్పడింది’ అన్న వాక్యంతో మీరు ఏకీభవిస్తారా? సమర్థించండి.

మొదటి రెండింటికీ దాదాపు అందరూ సరిగ్గా రాశారు. మూడోదానికి ఎక్కువ మంది ‘ఆ సూచన ప్రకారం మూసీపై ఉస్మాన్ సాగర్, దాని ఉపనది ఈసీపై హిమాయత్ సాగర్ నిర్మాణమయ్యాయి’ అని దించారు. ప్రశ్న ‘ఎందుకు’ అని అడిగితే జవాబు ‘ఏమి జరిగింది’ అని చెబుతోంది. ప్రశ్నలోని ‘నిర్మించారు’ అన్న మాట వారిని ‘నిర్మాణమయ్యాయి’ వద్దకు తీసుకువెళ్ళింది, వారు అక్కడే ఆగిపోయారు.

నాలుగోదానికి ఒక అబ్బాయి ‘విశ్వేశ్వరయ్య నగరానికి రెండు జలాశయాలు సమర్పించారు’ అని రాశాడు. అతనికి ‘సమర్థించండి’ అన్న మాట ‘సమర్పించండి’ అని అర్థమైంది. మరికొందరిని అడిగి చూస్తే ‘ఏకీభవించు’, ‘గ్రహించు’, ‘విశ్లేషించు’ అనే మాటలు కూడా వారికి స్పష్టంగా తెలియవు. ఉర్దూ ఇంటి పిల్లలకు మాత్రమే ఇది కష్టమని అనుకున్నాను. తెలుగు ఇళ్ళ పిల్లలకూ అంతే కష్టంగా ఉంది, ఎందుకంటే ఈ మాటలు ఏ ఇంట్లోనూ వినిపించవు. గద్యంలోని కఠిన పదాలకు అర్థాలు చెబుతాం కాని, ప్రశ్నలోని కఠిన పదాలకు ఎన్నడూ చెప్పలేదు. ప్రశ్న అర్థం కాని పిల్లవాడికి జవాబు రాదని మార్కులు తీసివేస్తున్నాం.

రేపటి నుంచి నల్లబల్ల ఎడమ పక్కన వారానికి మూడు ప్రశ్నామాటలు రాసి ఉంచాలి. సమర్థించడం అంటే, ‘నేను ఇలా అనడానికి కారణం ఇది’ అని చూపడం.

జూలై 15

అమెరికాకు చెందిన విద్యావేత్త టాఫీ రాఫెల్ 1980లలో ప్రశ్నలను వాటి జవాబు ఎక్కడ దొరుకుతుందన్న దాన్ని బట్టి నాలుగు రకాలుగా విభజించారు. గద్యంలో ఒకే చోట ఉన్న జవాబు. గద్యంలోనే ఉన్నా రెండు మూడు చోట్ల నుంచి కూర్చుకోవలసిన జవాబు. రచయిత చెప్పినదానికి మన ఆలోచనను చేర్చితే వచ్చే జవాబు. పూర్తిగా మన అనుభవం నుంచి వచ్చే జవాబు. ఈ విభజనను నేను ఉపాధ్యాయ శిక్షణ రోజుల్లో చదివాను, కాని తరగతిలో వాడింది ఇదే మొదటిసారి.

పేర్లు పిల్లలనే పెట్టమన్నాను. మొదటిదానికి ‘కండ్ల ముందరిది’, రెండోదానికి ‘ఏరుకొచ్చేది’, మూడోదానికి ‘సగం వాళ్లది, సగం మనది’, నాలుగోదానికి ‘మనది’ అన్నారు. జవాబు రాయకముందు ప్రశ్న పక్కన ఏ రకమో రాయాలన్నది నియమం. రకం తప్పుగా గుర్తించినా మార్కు పోదని చెప్పాను. ఈ ఒక్క పనితో మూడో ప్రశ్నకు వాక్యం దించడం బాగా తగ్గింది. ‘ఏరుకొచ్చేది’ అని రాసుకున్నవారు ఒక్క వాక్యంతో ఆగిపోవడానికి జంకుతున్నారు.

జూలై 22

బోనాల సెలవు తర్వాత నిన్నటి అలసట పిల్లల్లో ఇంకా ఉంది. అయినా పొడవైన వాక్యం పని ఈ రోజే పెట్టుకున్నాను, అది ఈ డైరీలో నాకు అన్నింటికన్నా సంతోషం కలిగించిన తరగతి అయింది.

తెలుగు వాక్యంలో అసలు పని చివరి క్రియలో ఉంటుంది. కర్తను ఒకసారి చెప్పి వదిలేస్తాం, మధ్యలో ‘పిలిపించి’, ‘పరిశీలింపజేసి’, ‘కోరగా’ అంటూ అసమాపక క్రియలు ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. క్త్వార్థకం (చేసి), చేదర్థకం (చేస్తే), శత్రర్థకం (చేస్తూ) అని ఇటువంటి వాటిని పిల్లలు వ్యాకరణంలో నేర్చుకున్నారు, గుర్తించి పేరు రాయగలరు. ఆ పేర్లు చదవడానికి ఎందుకు పనికివస్తాయో మాత్రం వారికి ఎవరూ చూపలేదు.

నాలుగో వాక్యాన్ని బల్ల నిండా రాసి, ప్రతి క్రియ కింద గీత గీయించాను. తర్వాత చివరి క్రియ నుంచి వెనక్కి నడిచాం. ‘సూచించారు’: ఎవరు? విశ్వేశ్వరయ్య. ‘కోరగా’: ఎవరు కోరారు? ఇక్కడ తరగతి రెండుగా చీలింది. సగం మంది విశ్వేశ్వరయ్యే సలహా కోరారని అన్నారు. ‘-గా’ వచ్చిన చోట కర్త మారవచ్చని, ‘-ఇ’తో ముగిసే ‘పిలిపించి’ వంటి క్రియకు సాధారణంగా తర్వాతి క్రియ కర్తే కర్త అవుతుందని గుర్తు చేశాను. అప్పుడు ముందు బెంచీలోని ఒక అమ్మాయి లేచి, ‘పిలిపించింది, చూపించింది, అడిగింది సర్కారు, చెప్పింది ఆయన’ అని ఒక్క ఊపులో వాక్యాన్ని విడదీసింది. అది అవగాహనలోనూ వ్యాకరణంలోనూ సరైన జవాబు. ఆమె మాటలనే బల్లమీద రాసి, కింద నాలుగు సామాన్య వాక్యాలుగా విడగొట్టించాను.

ఆ తర్వాత మూడో ప్రశ్నను మళ్ళీ రాయమన్నాను. ఒక జవాబును ఇక్కడ ఎత్తి రాసుకుంటున్నాను: ‘ఎగువ చెరువులు తెగడం వల్ల నీరు నగరంలోకి వేగంగా వచ్చింది. నీరు నగరానికి వచ్చాక ఆపడం కష్టం. అందుకే నీరు వచ్చే వైపే జలాశయాలు కట్టి, దానిని ముందే నిలిపి కొంచెం కొంచెంగా వదలాలని విశ్వేశ్వరయ్య చెప్పారు.’ ఇందులో రెండో వాక్యం గద్యంలో లేదు. ఆ అమ్మాయి గద్యంలోని రెండు సంగతుల మధ్య ఉన్న ఖాళీని తన ఆలోచనతో పూరించింది. జవాబుకు బలం వచ్చింది ఆ వాక్యంతోనే.

ఆగస్టు 1

అందరూ ఇలా రాయాలన్న ఆత్రంతో ఒక అచ్చు ఇచ్చాను: ‘... అని నా అభిప్రాయం. గద్యంలో ... అని ఉంది. దీనిని బట్టి ... అని తెలుస్తున్నది.’ ఖాళీలు నింపుకుంటే జవాబు వస్తుందని చెప్పాను.

ఆగస్టు 8

అచ్చు బెడిసికొట్టింది. చెట్టు ఎక్కి ఎంతమంది బయటపడ్డారన్న ప్రశ్నకు కూడా ‘150 మంది అని నా అభిప్రాయం. గద్యంలో 150 మంది అని ఉంది. దీనిని బట్టి 150 మంది అని తెలుస్తున్నది’ అని రాశారు. పిల్లలు చెప్పిన మాట శ్రద్ధగా విన్నారు, తప్పు నాది. ఒక గైడును మాన్పించి ఇంకొక గైడును చేతిలో పెట్టాను. జూలైలో మొదలైన ఆలోచన ఈ వారంలో మళ్ళీ నిద్రపోయింది. అచ్చును వెనక్కి తీసుకుంటున్నానని తరగతిలోనే చెప్పాను.

ఆగస్టు 12

అచ్చుకు బదులు ఇప్పుడు ఒకే ఒక్క ప్రశ్న. పిల్లలు జంటలుగా కూర్చుంటారు. ఒకరు జవాబును నోటితో చెబుతారు, రెండోవారు ‘ఎట్ల తెలుసు?’ అని అడుగుతారు. చెప్పినవారు గద్యంలో వేలు పెట్టి చూపాలి. చూపిన తర్వాత రెండోవారికి ఇంకా సందేహం ఉంటే ‘అయితే ఏంది?’ అని అడగవచ్చు. ఆ వాక్యానికీ జవాబుకూ ఉన్న సంబంధాన్ని చెప్పడానికి ఆ ప్రశ్న. ఇదంతా అయిన తర్వాతే పెన్ను పట్టుకోవాలి.

నోటిమాట తేలికగా వస్తుంది. అది తమ భాష, అందులో తప్పు పడుతుందన్న భయం లేదు. నాలుగో ప్రశ్నపై ఒక జంట వాదన నా చెవిన పడింది. ‘మరుసటేడుకే రక్షణ వచ్చిందని ఎట్ల అంటవ్? 1920 దాకా ఒక్కటి గూడ కాలేదు గద’ అని ఒకడు. ‘12 ఏండ్లు’ అని రెండోవాడు వేళ్ళమీద లెక్క పెట్టాడు. ‘రెండోదానికి 19’ అన్నాడు మొదటివాడు. గద్యంలో 12 గాని, 19 గాని లేవు. తేదీలను కలిపి చదివినప్పుడే అవి వస్తాయి. జూలై 9న ఈ ప్రశ్న దగ్గర ఒక్కరు కూడా ఆ లెక్క చేయలేదు.

ఆగస్టు 20

ఈ రోజు సంగతిని వివరంగా రాసుకోవాలి.

చాదర్‌ఘాట్ వద్ద మూసీ ఒడ్డు నుంచి వచ్చే ఒక బాలుడు మొదటి నుంచీ నా రెండో కుప్పలో ఉన్నాడు. తెలివైనవాడు, మాటకారి, కాని గద్యం జోలికి వెళ్ళడు. నీటిమట్టం వేగంగా ఎందుకు పెరిగిందన్న ప్రశ్నకు అతడు మొదటి రోజు నుంచీ ఒకే జవాబు రాస్తున్నాడు: ‘హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తారు కాబట్టి.’ నేను ప్రతిసారీ దానిపై గీత కొట్టి ‘గద్యం చదువు’ అని రాశాను. అతడు ప్రతిసారీ అదే రాశాడు.

ఈ రోజు అతని జంటలోని అమ్మాయి ‘ఎట్ల తెలుసు?’ అని అడిగింది. ‘నాకు తెల్వకపోవుడేంది? మేం చూసినం’ అన్నాడు. 2020 అక్టోబరు వానల్లో ఆ గేట్లు ఎత్తినప్పుడు అతనికి తొమ్మిదేళ్ళు. ఇంట్లోకి నీళ్ళు వచ్చి, రాత్రికి రాత్రి సామాను వదిలి బంధువుల ఇంటికి వెళ్ళారట. ఆ సంగతి నాకు ఇప్పుడే తెలిసింది. నేను గీత కొట్టిన ఆ జవాబు అతడు కళ్ళారా చూసినది.

ఆ అమ్మాయి వదలలేదు. ‘మరి ఇది 1908ల గదా?’ అన్నది. అతడు గద్యాన్ని ముందుకు లాక్కున్నాడు. చివరి వాక్యం వరకు వేలుతో వెళ్ళి, అక్కడ ఆగి, ‘టీచర్, అప్పటికి హిమాయత్ సాగరే లేదు!’ అని గట్టిగా అన్నాడు. తరగతి అంతా అటు తిరిగింది. ‘లేదు. మరి నీళ్ళు ఎందుకు పెరిగాయి?’ అని అడిగాను. ‘చెరువులు తెగినయి. ఆపేటిది ఏదీ లేకుండె’ అన్నాడు. ‘ఆపేది ఏదీ లేదు’ అన్న మాట గద్యంలో లేదు, అది అతని సొంతం. రెండు జలాశయాలు తర్వాత కట్టారన్న సంగతిని పట్టుకుని, అంతకుముందు ఎలా ఉండేదో అతడు వెనక్కి ఊహించాడు.

పిల్లల అనుభవాన్ని జవాబులోకి రానివ్వకూడదని నేను ఇన్నాళ్ళూ దాదాపు ఒక నియమంగా పాటించాను. ఈ బాలుడి విషయంలో ఆ నియమం పనిచేయలేదు సరికదా, అతని చేత మొండిపట్టు పట్టించింది. అనుభవాన్ని గద్యం పక్కన పెట్టి పోల్చి చూసుకోమని అడిగి ఉంటే, అతడు జూలైలోనే ఈ జవాబుకు వచ్చేవాడు. గీత కొట్టడం కన్నా ‘ఎట్ల తెలుసు?’ అని అడగడం మేలని నాకు కూడా ఆ అమ్మాయే నేర్పింది.

ఆగస్టు 23

బడి అయ్యాక పన్నెండు మందిని వెంటబెట్టుకుని, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న ఆ చింతచెట్టు దగ్గరకు వెళ్ళాం. రోగులకు ఇబ్బంది కలగకుండా కొద్దిసేపే ఉన్నాం. గద్యంలో చెట్టు గురించి ఉన్నది ఒక్క వాక్యం. చెట్టును చూసిన తర్వాత పిల్లలు అడిగిన ప్రశ్నలు ఎనిమిది.

సెప్టెంబరు 3

మార్కుల పద్ధతిని మార్చి తరగతికి ముందుగానే చెప్పాను. ఆలోచించి రాయవలసిన ప్రశ్నకు మూడు మార్కులైతే, అడిగినదానికి సూటిగా జవాబు చెప్పినందుకు ఒకటి, గద్యంలో ఆధారం చూపినందుకు ఒకటి, ఆ రెండింటికీ ఉన్న సంబంధం చెప్పినందుకు ఒకటి. ‘కండ్ల ముందరి’ ప్రశ్నకు ఒక్క మాట చాలు, అంతకు మించి రాస్తే అదనంగా ఏమీ రాదు. ‘ఆయన’, ‘అక్కడ’, ‘ఆ సూచన’ వంటి మాటతో జవాబు మొదలైతే, ఎవరో, ఎక్కడో, ఏదో పెన్సిలుతో పైన రాయమంటాను, మార్కు తీయను. ఒకరి కాగితాన్ని మరొకరు దిద్దుతారు. దిద్దేవారు ఆధారమైన వాక్యం కింద గద్యంలో గీత గీయాలి. గీత గీయడానికి వాక్యం దొరకకపోతే రాసినవారిని పిలిచి అడగాలి.

తెగిన ముక్కల సంగతి కూడా ఇక్కడే తేలింది. ‘ఎందుకంటే చెరువులు తెగాయి’ అని రాసేవారికి, ‘ఎందుకంటే’ అన్నది ముందు ఒక మాట చెప్పిన తర్వాత వచ్చేదని, ముందు మాట లేకపోతే ‘తెగడం వల్ల నీరు పెరిగింది’ అని ఒకే వాక్యంలో చెప్పవచ్చని చూపాను. ఇది పది నిమిషాల్లో అయిపోయింది.

సెప్టెంబరు 10

ఒక ప్రశ్న నన్ను రెండు వారాలుగా వేధిస్తున్నది. పిల్లలు ‘ఎక్కిండ్రు’, ‘తెగినయి’, ‘కట్టిండ్రు’ అని రాస్తున్నారు. నోటితో చెప్పినదాన్ని రాయమన్నాను కాబట్టి అలా వచ్చింది. పదో తరగతి కాగితం దిద్దేవారు దీనిని ఎలా చూస్తారోనన్న భయం నాకుంది. అయినా, మొదటి చిత్తులో దానిని తాకకూడదని నిర్ణయించుకున్నాను. ఆలోచన పుడుతున్న సమయంలో క్రియారూపాన్ని సరిచేస్తే ఆలోచన ఆగిపోతుంది. జూన్‌లో వారు దించి రాయడానికి ఈ భయమూ ఒక కారణమే. రెండో చిత్తులో క్రియల కింద మాత్రమే గీత గీసి, పాఠ్యపుస్తకంలో ఈ మాట ఎలా ఉంటుందో వారినే రాయమంటున్నాను. ఒక భాష తప్పు, మరొకటి ఒప్పు అని చెప్పడం లేదు. ఇంట్లో మాట్లాడే భాష, పరీక్షలో రాసే భాష అని రెండింటికీ రెండు గడులు గీసి పట్టికగా గోడకు పెట్టాం. ఉర్దూ ఇంటి పిల్లలు మూడో గడి గీసి తమ మాటలు చేర్చారు. అది నేను చెప్పని పని.

సెప్టెంబరు 19

రేపటితో బడి ముగిసి దసరా సెలవులు వస్తాయి. చివరి తరగతిలో కొత్త గద్యం ఇచ్చాను: 1901లో హైదరాబాదులో స్థాపించిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం గురించి, కొమర్రాజు లక్ష్మణరావు తదితరులు దానికి పూనుకోవడం గురించి కొన్ని వాక్యాలు. ఐదు ప్రశ్నల్లో ఒకదానికి గద్యంలో జవాబు లేకుండా కావాలనే పెట్టాను: ‘మొదటి రోజున ఆ గ్రంథాలయంలో ఎన్ని పుస్తకాలు ఉన్నాయి?’

కాగితాలను మళ్ళీ మూడు కుప్పలుగా వేశాను. దించిన జవాబుల కుప్ప ఇప్పుడు అన్నింటికన్నా చిన్నది, కాని ఖాళీ కాలేదు. ఆరుగురు ఇంకా వాక్యాలను ఎత్తి రాస్తున్నారు. వారిలో నలుగురికి గద్యాన్ని ధారాళంగా చదవడమే కష్టంగా ఉంది. వారికి కావలసింది ప్రశ్నల సాధన కాదు, ప్రతిరోజూ పక్కన కూర్చుని చదివించడం. అక్టోబరు నుంచి ఉదయం ప్రార్థనకు ముందు ఇరవై నిమిషాలు వారికి కేటాయిస్తున్నాను. మిగతా ఇద్దరి సంగతి ఇంకా మాట్లాడి తెలుసుకోవాలి.

జవాబు లేని ప్రశ్నకు కొందరు ‘1901’ అని రాశారు, గద్యంలో కనబడిన అంకె అదొక్కటే కాబట్టి. పదకొండు మంది ఖాళీ వదిలారు. చాదర్‌ఘాట్ బాలుడు మాత్రం ప్రశ్న పక్కన ‘కండ్ల ముందరిది’ అని రాసి, కొట్టేసి, ‘ఏరుకొచ్చేది’ అని రాసి, దానినీ కొట్టేసి, కింద ఇలా రాశాడు: ‘ఇది గద్యంలో లేదు. మూడుసార్లు చదివాను. ఆ గ్రంథాలయానికి పోయి అడిగితే తెలుస్తది.’

అతనికి మూడు మార్కులూ వేశాను. సెలవుల తర్వాత మొదటి శనివారం సుల్తాన్ బజార్‌లోని ఆ గ్రంథాలయానికి తరగతిని తీసుకువెళ్ళడానికి అనుమతి కోరుతూ ఈ సాయంత్రమే దరఖాస్తు రాసి ఇచ్చాను.